గడప దాటని రోగి

ఆ ఉదయం సముద్రం మీంచి ఒక మబ్బు లేచి వచ్చింది. కురవడానికి సరిపడా నలుపుంది, బరువుంది. కానీ ఎవరి ఉత్తర్వు కోసం చూస్తోందో, హృద్రోగ సంస్థ నెత్తిమీద కదలకుండా నిలబడిపోయింది. డాక్టర్ తవిటినాయుడు మెట్ల మీద ఆగి దాన్నొకసారి చూశాడు. వాళ్ల ఊళ్లో ఇలాంటి మబ్బును చూసి ఎవరూ గొడుగు తియ్యరు, నాగలీ కట్టరు. ఆఫీసరు మబ్బు అంటారు. ఉరుముతుంది గాని సంతకం పెట్టదు.

తవిటినాయుడిది పాలకొండ అవతల ఒక పల్లె. వీధి బడిలో చదువు మొదలెట్టి గుండె డాక్టరయ్యాడు. ఆ పైన, గుండె రక్తనాళంలోకి సన్నని తీగ పంపి, పూడిక దగ్గర బెలూన్ విప్పి, స్టెంటు అమర్చే విద్య కోసం ఈ సంస్థలో ఫెలోషిప్‌కి చేరాడు. వాళ్ల వైపు ఆసుపత్రికి ప్రభుత్వం ఆ మిషనైతే పంపింది గాని మనిషిని పంపలేదు. మిషన్ మీద దుప్పటి కప్పి, తవిటినాయుడు ఎప్పుడొస్తాడా అని కాచుకుని ఉన్నారు. గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం కాచుకోలేక, ఇక్కడికి విశాఖపట్నం తీసుకొస్తుంటే దారిలోనే ఆగిపోతున్నారు.

నెలాఖరుకి శిక్షణ అయిపోతుంది. అయిపోయినట్టు సర్టిఫికెట్ ఇవ్వాలంటే, కనీసం ఒక్క రోగికైనా మొదట్నించి చివరిదాకా తన చేత్తో స్టెంటు వెయ్యాలి. పక్కన నిలబడి అందించినవి ఎన్నో ఉన్నాయి. తన చేత్తో వేసింది ఒక్కటీ లేదు. తప్పు తవిటినాయుడిది కాదు. తలుపుది.

అతను చేరిన కొత్తలోనే ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే పై సంఘం నుంచి ఒక నియమం వచ్చింది. గుండెపోటు రోగి తలుపు దాటిన క్షణం నుంచి అతని గుండెలో బెలూన్ విప్పే క్షణం దాకా తొంభై నిమిషాలు మించరాదు. మంచి నియమమే. ఆలస్యమైన కొద్దీ గుండె కండ చచ్చిపోతూ ఉంటుంది కనక పెట్టారు. సంస్థలో చూస్తే ఆ పనికి ఒక పూట పడుతోంది. చీటీ కోసం ఒక వరస, లిఫ్టు కోసం ఒక వరస, లిఫ్టు పని చెయ్యదని తెలిశాక స్ట్రెచర్ మొయ్యడానికి మనుషుల కోసం ఇంకో వరస.

డైరెక్టరు పరాంకుశం గారు సమావేశం పెట్టారు. లిఫ్టు బాగుచెయ్యాలంటే ఇంజనీరింగ్ శాఖకు రాయాలి, వాళ్లు ఇంకొకరికి రాయాలి. తలుపు జరపాలంటే ఒక్క వడ్రంగి చాలు.

"లిఫ్టు మన దీర్ఘకాలిక లక్ష్యం," అన్నారు పరాంకుశం గారు. "తలుపు మన తక్షణ కర్తవ్యం."

నాణ్యతాధికారి హైమవతి మేడమ్ లేచి నిలబడింది. ఆవిడ కూర్చుని మాట్లాడగా ఎవరూ చూడలేదు. "తలుపు అనగా ఏ తలుపో నియమంలో నిర్వచింపబడలేదు సార్. నిర్వచింపబడని దానిని నిర్వచించుకొను స్వేచ్ఛ సంస్థకు గలదు. అయితే మనం సంఘానికి పంపిన ఫోటోలో వీధి గుమ్మపు టేకు తలుపు కనబడుచున్నది. కావున జరిపినచో ఆ తలుపునే జరుపవలెను."

అలా సూరాచారికి పని పడింది. సూరాచారి సంస్థ వడ్రంగి. మాటకారి, అరుగుకైనా పేరు పెట్టి పలకరించే రకం. ద్వారబంధాన్ని, గడపను, రెక్కలను ఊడదీసి మొదట అత్యవసర వార్డు దగ్గర నిలబెట్టాడు. నిమిషాలు తగ్గాయి. పై అంతస్తులో లిఫ్టు ఎదుట నిలబెట్టాడు. ఇంకా తగ్గాయి. ఆపైన క్యాథ్ ల్యాబ్ గుమ్మానికి తెచ్చి బిగించాడు. క్యాథ్ ల్యాబ్ అంటే ఆ తీగలూ బెలూన్లూ వాడే ఎక్స్‌రే గది. దాంతో సగటు ఎంత పడిపోయిందంటే, చెప్పుకోవడానికి పక్క రాష్ట్రాల వాళ్లని పిలిచారు. రోగులు మాత్రం ఎప్పటిలాగే ఒక పూట కాచుకుంటున్నారు. కాకపోతే ఇప్పుడు తలుపుకి అవతల కాచుకుంటున్నారు. ఆ చోటికి 'ద్వారపూర్వ ప్రాంగణం' అని బోర్డు పెట్టి, రెండు ఫ్యాన్లు వేశారు.

శిక్షణ కూడా తలుపు చుట్టూ తిరిగింది. నేర్చుకునేవాడి చెయ్యి నిదానం. నిదానం సగటుకు శత్రువు. అందుకని ఫెలోలను బల్ల దగ్గరికి రానివ్వడం మానేసి 'ద్వార నిర్వహణ' అప్పగించారు. లోపల సీనియరు బెలూన్ సిద్ధం చేసుకుని చెయ్యి ఊపాలి, అప్పుడు తవిటినాయుడు రోగిని తలుపు దాటించి గడియారం మీట నొక్కాలి. రెండేళ్లలో మీట నొక్కే విద్యలో అతనికి ఎదురు లేకుండా పోయింది.

ఇక మిగిలింది ఒక్క అడుగు. తలుపును గదిలోపలికే తెచ్చి, బల్ల పక్కన నిలబెట్టాలి. మబ్బు కదలకుండా నిలబడ్డ ఆ ఉదయం జరుగుతున్న పని అదే.

తవిటినాయుడు వెళ్లేసరికి ల్యాబ్ గుమ్మం బోసిగా ఉంది. లోపల బల్ల పక్కన ఖాళీ ద్వారబంధం ఒంటరిగా నిలబడి ఉంది. దానికి అటూ గదే, ఇటూ గదే. రెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. గడపకి పసుపు, మామిడాకులు, కొబ్బరికాయ సిద్ధంగా ఉన్నాయి. ముహూర్తం పదకొండు దాటాక పెట్టించారు పరాంకుశం గారు.

సూరాచారి గడప మీద కూలబడి ఉన్నాడు. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. మొహం నిండా చెమట.

"గడప మీద కూర్చోకూడదయ్యా," అంటోంది హైమవతి మేడమ్. "అరిష్టం. లే."

"లేత్తానమ్మా. రెక్క ఎత్తినప్పుడు ఎడం సెయ్యి పట్టేసినాది. గుండె మీద రోలెట్టినట్టున్నాది," అన్నాడు సూరాచారి. తవిటినాయుణ్ని చూసి నవ్వబోయాడు. "నాయుడు బాబూ, ఈ తలుపు ఎక్కడ పెట్టినా గాలి రాదేటి?"

తవిటినాయుడు నాడి చూశాడు. ఇ.సి.జి. తీయించాడు. కాగితం బయటికొస్తుండగానే తెలిసిపోయింది. మాత్రలు నమిలించి, "పెద్ద పోటు. ఇప్పుడే బల్ల ఎక్కించాలి," అన్నాడు.

బల్ల ఎంతో దూరం లేదు. చెయ్యి చాపితే అందుతుంది. కానీ డ్యూటీ సీనియరు డాక్టరు చేతులు కట్టుకున్నాడు. "ఈయన వచ్చాడా?"

"ఎదురుగా ఉన్నాడు కదండీ."

"ఉండటం వేరు, రావడం వేరు. తలుపు దాటి వచ్చాడా అని."

హైమవతి మేడమ్ ముందుకొచ్చింది. "ఇతను ద్వారబంధం నిలబెట్టక పూర్వమే లోపల ఉన్న వ్యక్తి. కావున ప్రవేశించినవాడు కాడు. పాత స్థానంలో తలుపు తొలగింపబడినది. కొత్త స్థానంలో ఇంకా ప్రారంభింపబడలేదు. ప్రస్తుతం సంస్థకు తలుపు లేదు. తలుపు లేని సంస్థలోనికి ఎవరూ ప్రవేశించజాలరు."

"అయితే?"

"ముహూర్తం వరకు ద్వారపూర్వ ప్రాంగణంలో కూర్చుండబెట్టి, పిమ్మట ప్రథమ రోగిగా సాదరంగా ఆహ్వానించవచ్చును. ఫోటో కూడా బాగుంటుంది."

సీనియరు డాక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. "రాని రోగిని ముట్టుకుంటే దేంట్లో రాయాలి? నా సగటు ఏం కావాలి?" రాష్ట్రంలో ఆయన సగటే తక్కువ. దాన్ని ఆయన పసిపిల్లని సాకినట్టు సాకుతున్నాడు.

అప్పుడు తవిటినాయుడికి ఒక సంగతి తట్టింది. తనకి సగటు లేదు. రెండేళ్లుగా ఒక్కటీ చేయనిస్తే కదా, ఉండటానికి. పోవడానికి ఏమీ లేని మనిషి ఆ గదిలో తనొక్కడే.

ఎక్స్‌రే సోకకుండా సీసపు కోటు తొడుక్కున్నాడు. నర్సుకీ టెక్నీషియనుకీ సైగ చేశాడు. ముగ్గురూ కలిసి సూరాచారిని గడప మీంచి ఎత్తి బల్ల మీద పడుకోబెట్టారు.

బయట ప్రాంగణంలో సూరాచారి భార్య కామాక్షి టిఫిన్ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. రోజూ పనివేళకి వేడిగా తెచ్చిపెట్టి, తను ఇళ్లల్లో పనికి పోతుంది. తవిటినాయుడు గుమ్మంలోకి వచ్చి ఆవిడకి విషయం చెప్పాడు. దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాడు.

"అమ్మా, పక్కనుండి సాయం చేసినవి చాలా ఉన్నాయి. నా చేత్తో నేనే చెయ్యడం ఇదే మొదలు."

కామాక్షి క్యారేజీ కింద పెట్టింది. కళ్లు తుడుచుకుంది. "మా ఆయన కూడా మొదటి గుమ్మం ఎవురో ఒకలింటికే బిగించినాడు గదా బాబు. ఆ ఇల్లు ఇంకా ఉన్నాది. ఎల్లు. మాటాడకుండా ఎల్లు."

కబురందుకుని పరాంకుశం గారు రానే వచ్చారు. రావడంతోనే అత్యవసర సమావేశం ప్రకటించారు. సమావేశ మందిరానికి పోయే వ్యవధి లేదు కనక అక్కడే, అందరూ సీసపు కోట్లు తొడుక్కుని, బల్లకి అటువైపు నిలబడ్డారు. ఎజెండాలో ఒకే అంశం: బల్లపై గల వ్యక్తి స్థితి.

ఇవతల తవిటినాయుడు మణికట్టు దగ్గర సూది గుచ్చాడు. తీగ లోపలికి పోతోంది. తెరమీద సూరాచారి గుండె రక్తనాళం వేసవిలో ఏరులా కొంతదూరం పారి, ఒకచోట ఇసకలో ఇంకిపోయినట్టు ఆగిపోయింది.

"ఈ వ్యక్తిని సందర్శకుడిగా పరిగణించు అవకాశం కలదా?" అన్నారు పరాంకుశం గారు.

"సందర్శకులకు ల్యాబ్‌లోనికి అనుమతి లేదు సార్," అంది హైమవతి మేడమ్.

"పరికరముగా?"

"వడ్రంగి పరికరాల జాబితాలో ఉలి, బాడిసె మాత్రమే కలవు."

"సంస్థ యొక్క ఔన్నత్యాన్ని దృష్టిలో ఉంచుకొని, ఈ సంఘటనను సంఘటనగా కాక..." అని పరాంకుశం గారు అందుకున్నారు. అందుకుని తెరవైపు చూశారు. ఆయన బల్ల దగ్గర నిలబడి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఆయనంతటి చెయ్యి లేదని పేరు. "కాక... ఒరే ఒరే! అది పక్క కొమ్మ. లాగు. వెనక్కి లాగరా."

తవిటినాయుడు లాగాడు.

"ఆఁ. ఇప్పుడు తిప్పు. తొయ్యకు, తిప్పు. దూడకి పలుపు వేసినట్టు మెల్లిగా. అదీ! పోయింది. పోనీ, పోనీ."

తీగ పూడికను దాటింది. బెలూన్ విప్పుకుంది. ఇంకిపోయిన ఏరు ఒక్కసారిగా కింది దాకా పారింది. బల్ల మీద సూరాచారి నిట్టూర్చి, "రోలు తీసేసినారు బాబు," అన్నాడు.

తవిటినాయుడు స్టెంటు అమర్చాడు. పరాంకుశం గారు కాసేపు తెర చూస్తూ ఉండిపోయారు. పెదాల చివర ఏదో కదిలింది. తర్వాత సీసపు కోటు సర్దుకుని, "కాక, ఒక అవకాశముగా పరిగణించవలెను," అని వదిలేసిన వాక్యాన్ని పూర్తి చేశారు.

ముహూర్తం వచ్చింది. రెక్కలు బిగించారు. గడపకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. సూరాచారిని స్ట్రెచర్ మీద తలుపు అవతలికి తీసుకెళ్లి, చుట్టూ తిప్పి, దండ వేసి ఇవతలికి తీసుకొచ్చారు. తవిటినాయుడు అలవాటుగా మీట నొక్కాడు. హైమవతి మేడమ్ తలుపు దాటిన సమయం రాసింది, బెలూన్ విప్పిన సమయం రాసింది, ఒకదాన్లోంచి ఒకటి తీసేసింది. మళ్లీ తీసేసింది. ఎప్పుడూ నిలబడి ఉండే మనిషి మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"సార్. మైనస్ వచ్చింది."

పరాంకుశం గారు కళ్లు మూసి తెరిచారు. "అందరూ సున్నా వైపు పాకుతున్నారు. మనం సున్నాని దాటి అవతలికి వెళ్లిపోయాం."

ఆ తర్వాతంతా వేగంగా జరిగిపోయింది. సంస్థకి శాలువా వచ్చింది, జ్ఞాపిక వచ్చింది. 'చికిత్సానంతర ప్రవేశ విధానము' అని సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట రోగులందరూ చికిత్స పొందిన పిమ్మటే సంస్థలోనికి ప్రవేశించవలెను. దానికి తగ్గట్టు టేకు తలుపును ల్యాబ్‌లోంచి పీకి, రోగులు ఇంటికి వెళ్లిపోయే దారిలో, గేటు పక్కన నిలబెట్టారు. సూరాచారి బరువులెత్తకూడదు కనక మంచం మీంచే ఇద్దరు కుర్ర వడ్రంగులకి పురమాయించాడు. "జాగర్తర్రా. ఆ గడప నా కంటే ఎక్కువ తిరిగినాది."

తవిటినాయుడు తన ఒక్క కేసు లెక్కలో వెయ్యమని అడిగాడు.

"వేయజాలము డాక్టర్," అంది హైమవతి మేడమ్. "మీరు చేసినది మహోన్నతము. అవార్డు దానికే వచ్చినది. కానీ చేసిన క్షణమున ఆ వ్యక్తి సంస్థకు రాలేదు. సంస్థకు రాని రోగికి చేసినది సంస్థలో శిక్షణ ఎట్లగును?"

అందులో తర్కం ఉంది. అదే బాధ.

చిత్రమేమిటంటే, కొత్త విధానంతో ఆసుపత్రి బాగుపడింది. ముందువైపు తలుపే లేదు కనక ఎవరైనా నేరుగా వచ్చేస్తున్నారు. చీటీ అన్నది వచ్చినవాళ్లకే గాని రానివాళ్లకి అక్కర్లేదు కనక ఆ వరస పోయింది. రాని రోగులకి సగటు ఉండదు కనక సీనియర్లకి తొందరా లేదు, ఆసక్తీ లేదు. బల్ల ఫెలోలకి ఒదిలేశారు. తవిటినాయుడు పొద్దస్తమానం చేశాడు. పరాంకుశం గారు ఏదో పని ఉన్నట్టు ల్యాబ్‌లోకి వచ్చి, "తిప్పు, తొయ్యకు," అని వెళ్లిపోయేవారు. తవిటినాయుడి చేతికి విద్య పట్టుబడింది. కాగితం మీద మాత్రం అతను ఇంకా ఒక్కరినీ ముట్టుకోలేదు.

హైమవతి మేడమ్ ఇంకో సుగుణం కనిపెట్టింది. సంస్థలో మరణాలు సున్నా అయిపోయాయి. పోయినవాళ్లెవరూ అప్పటికి రాలేదు.

నెలాఖరుకి ఒకరోజు ముందు, పొందూరు వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. తీసుకురావడమే ఆలస్యంగా తెచ్చారు. తవిటినాయుడు చెయ్యగలిగిందంతా చేశాడు. దక్కలేదు. ఆయన కొడుకు, మట్టిచేతుల రైతు, కౌంటరు దగ్గర నిలబడి మరణ ధ్రువపత్రం అడిగాడు.

"ఈ పేరు గల వ్యక్తి సంస్థకు రాలేదు," అంది హైమవతి మేడమ్.

"అదేటమ్మా. అదుగో, స్ట్రెచర్ మీద ఉన్నాడు."

"ఉన్నట్టు గాని, పోయినట్టు గాని సమాచారం లేదు. శవమును వెనుక మార్గమున తీసుకొని వెళ్లవచ్చును."

కొడుకు స్ట్రెచర్ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. అరవలేదు. "మరి మా అయ్య ఇప్పుడెక్కడున్నట్టమ్మా?" అని మెల్లిగా అడిగాడు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

తవిటినాయుడు వెళ్లి స్ట్రెచర్ పట్టుకున్నాడు. వెనక మార్గం వైపు కాకుండా గేటు పక్క టేకు తలుపు వైపు తోసుకుపోయాడు. గడప దగ్గర ముందు చక్రం ఇరుక్కుంది. తోశాడు, కదల్లేదు.

"తొయ్యకు," అన్నారెవరో.

పరాంకుశం గారు. ఎప్పుడొచ్చారో. వంగి, కోటు మట్టికి ఆనుతున్నా చూసుకోకుండా, రెండు చేతుల్తో చక్రాన్ని ఎత్తి గడప దాటించారు. పెద్దాయన సంస్థకి వచ్చాడు. తవిటినాయుడు మీట నొక్కలేదు. హైమవతి మేడమ్ నిలబడే రాసింది: వచ్చెను. కింద, పోయెను. మరణాల లెక్కలో సున్నా పోయింది.

తవిటినాయుడికి మర్నాడు సర్టిఫికెట్ ఇచ్చారు. బంగారు అంచు, పెద్ద ముద్ర. 'ద్వార నిర్వహణ యందు విశేష ప్రావీణ్యము.' వాళ్ల ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఫోన్ చేసి సిగ్గుపడుతూ చదివి వినిపించాడు.

"ద్వారమో దూలమో, ముద్దరుందా?" అన్నాడాయన.

"ఉందండి."

"నీకు తీగ తిప్పడం వచ్చా?"

"వచ్చండి."

"అయితే వచ్చెయ్ నాయనా. మిషన్ దుప్పటి మీద పిల్లి ఈనింది."

వెళ్లేముందు సూరాచారిని చూద్దామని వడ్రంగి షెడ్డుకి వెళ్లాడు. ఇంటికి పంపేసినా సూరాచారి పగలంతా అక్కడే కూర్చుంటున్నాడు. తవిటినాయుడు వద్దంటున్నా వినకుండా కామాక్షి అరిటాకులు పరుస్తోంది. షెడ్డు బయట ఎవరో నిలబడి ఉన్నారు. పరాంకుశం గారు. లోపలికి ఎటునుంచి రావాలా అన్నట్టు అటూ ఇటూ చూస్తున్నారు. షెడ్డుకి నాలుగు స్తంభాలూ ఒక రేకూ తప్ప ఏమీ లేదు.

"ఎటునుంచైనా వచ్చీండి బాబు," అంది కామాక్షి. ఇంకో ఆకు వేసింది.

ఆయన ఏదో చెప్పడానికే వచ్చినట్టున్నారు. చెప్పులు విడిచి, రంపపు పొట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"నాయుడు బాబూ," అన్నాడు సూరాచారి. "మీ ఆసుపత్రికి తలుపున్నాదా?"

"ఉంది."

"ఎటేపు?"

"రోడ్డు మీదికే."

సూరాచారి తలూపాడు. "దాన్నక్కడే ఉండనియ్యండి."

కామాక్షి అన్నం పెట్టి, ముద్దపప్పు వేసి, ఆనపకాయ పులుసు పోసింది. సూరాచారికి డాక్టర్లు చెప్పారని దేంట్లోనూ ఉప్పు వెయ్యలేదు. ఆనాటి మబ్బో, కొత్తదో, రేకు మీద నాలుగు చినుకులు రాల్చింది. ఉప్పు కావాలని ఎవరూ అడగలేదు. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.